పదకొండు లక్షల్లో చదువు వాటా ఎంత?

మొన్న పిన్ని వాళ్లింటికి వెళ్తే పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క రాసి చూపించింది. పైన 11,71,000. దాని కింద స్లాబుకి నాలుగున్నర లక్షలు, చెల్లి పెళ్లికి ఐదు, బాకీలకి ఒకటిన్నర. మిగిలిన 71 వేల పక్కన "బాబు చదువు".

ఆ బాబు మా తమ్ముడు. అగ్నివీర్, అంటే నాలుగేళ్ల కోసం సైన్యంలో చేరినవాడు. 2023 జనవరిలో ట్రైనింగ్‌కి వెళ్లాడు, 2027 జనవరికి నాలుగేళ్లు నిండుతాయి. నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు. బయటికొచ్చినవాళ్లకి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. చేతికొచ్చేది సేవా నిధి, పిన్ని కాగితం మీద పైన రాసిన ఆ 11,71,000. అందులోనూ ఒక వాటా నెలనెలా వాడి జీతంలోంచి 30 శాతం కోసిందే. ప్రభుత్వం మరో అంత వేసి వడ్డీ కలుపుతుంది.

"నాలుగేళ్లు వెళ్లొస్తే ఆ డబ్బుతో దర్జాగా బీటెక్ చదువుకోవచ్చురా" అని ఊళ్లో కుర్రాళ్లకి చెప్పే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ డబ్బు రాకముందే ఖర్చైపోయిందండీ! పిన్నిని తప్పు పట్టను. వర్షాకాలం ఆ ఇంట్లో ఒక్క రాత్రి పడుకుంటే మీరూ ముందు స్లాబే వేయిస్తారు.

నా సంగతి వేరు. మా నాన్న సైన్యంలో హవల్దార్‌గా రిటైరయ్యారు. 2019లో నేను ఇంజనీరింగ్‌లో చేరితే మాజీ సైనికుల పిల్లలకిచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వచ్చింది. ఆడపిల్లలకి నెలకి 3,000, అంటే ఏడాదికి 36,000. పెద్ద మొత్తమేం కాదు, దానికీ బోలెడు సర్టిఫికెట్లు. కానీ నా పేరు మీద, నా ఖాతాలో పడేది. ఏటా 50 శాతం మార్కులు చూపిస్తేనే మళ్లీ వచ్చేది. ఎరువుల కొట్టతను బాకీ కోసం గుమ్మంలో కూర్చున్న ఏడాది కూడా నాన్న దాన్ని ముట్టుకోలేదు. "అది చదువు డబ్బు" అనేవారు. అదే 36 వేలు ఆయన చేతికొచ్చి ఉంటే? ఎరువుల కొట్టుకే.

అమెరికాలో 1944లోనే జీఐ బిల్లు అని సైనికుల కోసం ఒక చట్టం పెట్టి, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల ఫీజు నేరుగా కాలేజీకి కట్టారు. ఇప్పుడు కూడా మూడేళ్లు సర్వీసు చేసినవాడికి 36 నెలల చదువు ఇస్తారు. వాళ్ల రాష్ట్ర యూనివర్సిటీ అయితే ఫీజు మొత్తం, ఇంటి అద్దెకి వేరే.

సేవా నిధిలో కోత పెట్టమనడం లేదు, అది వాడి కష్టార్జితం. చదువుకి వేరే పద్దు పెట్టండి అంటున్నాను. తిరిగొచ్చి సీటు తెచ్చుకున్నవాడి ఫీజు సర్కారే కాలేజీకి కట్టాలి. అగ్నివీర్లకి ఇగ్నో (దూరవిద్య యూనివర్సిటీ) డిగ్రీ ఉంది కదా అంటారు. ట్రైనింగ్‌కే సగం క్రెడిట్లు ఇస్తారు, మంచిదే. కానీ మావాడు చదువుతానంటున్నది మెకానికల్ ఇంజనీరింగ్.

నిన్న ఫోన్లో అడిగాను, "స్లాబు ఒక్క ఏడాది ఆపమని పిన్నికి చెప్పనా?" అని.

"వద్దక్కా. మేస్త్రీకి మాటిచ్చేసింది."