బొడ్రాయి దగ్గర తెర

(నల్గొండలో ఒక ఇంటి వరండా. సంక్రాంతి వెళ్లాక మర్రిగూడ వైపు ఒక ఊళ్లో, బొడ్రాయి ముందున్న ఖాళీ జాగాలో తెర కట్టి ఆరు షార్ట్ ఫిల్ములు వెయ్యాలని కోడలు, ఆమె స్నేహితులు అనుకున్నారు. తీసినవాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చి ఊరివాళ్లతో మాట్లాడతారు. మేనమామ సినిమా హాల్లో 30 ఏళ్లు ఆపరేటర్‌గా పనిచేశారు. ఆయనకు ఈ ఆలోచన నచ్చలేదు. ఇద్దరూ నాకు దగ్గరివాళ్లే. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను.)

మామ: సినిమాకు ముందు కావాల్సింది చీకటి బిడ్డా. హాలు తలుపు సందులోంచి కాస్త వెలుతురు పడినా గేటు దగ్గరి పిల్లగాణ్ణి కేకేసేవాణ్ణి. మీరేమో వీధి లైట్ల కింద తెర కడతామంటున్నారు.

కోడలు: ఆ రెండు స్తంభాల లైట్లు ఆపడానికి పంచాయతీ వాళ్లు ఒప్పుకున్నారు మామా. రోజు కూడా చూసుకునే పెట్టుకున్నాం, బహుళ పంచమి. ఆరు దాటగానే పొద్దుగూకుతుంది. చంద్రుడు పైకొచ్చేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆ మధ్యలో కావాల్సినంత చీకటి.

మామ: పోనీ, అమావాస్యకు పెట్టలేదు. పెడితే పిల్లల్ని ఎవరూ బయటికి పంపరు. మరి గాలి సంగతేంది? గుడ్డ తెర గాలికి ఉబ్బితే మనిషి ముఖం ఒకసారి లావవుతుంది, ఒకసారి సన్నబడుతుంది. సౌండు సంగతి ఇంకా కష్టం. హాల్లో గోడలుంటాయి. బయట స్పీకర్లోంచి వచ్చిన మాట పొలాల్లోకి పోతుంది. వెనక కూర్చున్న ముసలామెకు సగం వినపడదు. నెలల తరబడి కూర్చుని సౌండు కలిపిన పిల్లవాడికి మీరు చేసే మర్యాద ఇదేనా?

(ఈ మాట ఆయన బాధతోనే అన్నారు. ఆ రోజుల్లో 1000 అడుగుల రీలు 11 నిమిషాల్లో అయిపోయేది. తెర మీద కుడివైపు పైమూలన పడే చుక్క చూసి రెండో ప్రొజెక్టర్‌కు మారాలి. 30 ఏళ్లలో ఆ చుక్క తాను ఎన్నిసార్లు చూసుకోలేదో వేళ్ల మీద లెక్క చెప్పగల మనిషి. చూసేవాళ్లకు ఒక్క క్షణం తెర తెల్లబోయినా ఆయనకు ఆ రాత్రి అన్నం సయించేది కాదు.)

కోడలు: సౌండు తగ్గుతుంది, కాదనను. అందుకే పెద్ద స్పీకర్ ఒకటి ముందు పెట్టకుండా చిన్నవి నాలుగు జనం మధ్యలో పెడుతున్నాం. కానీ హాలు ఎక్కడుంది మామా? అక్కడి నుంచి నల్గొండ రావాలంటే బస్సు చార్జీలు, తిరిగి వెళ్లడానికి ఆఖరి బస్సు టెన్షన్. పైగా మోకాళ్లు వంగిపోయిన పెద్దవాళ్లున్న ఊరు. వాళ్లను హాలు మెట్లు ఎట్లా ఎక్కిస్తాం?

మామ: నేను అక్కడికే వస్తున్నా. ఆరింటిలో ఒకటి ఫ్లోరైడ్ మీద కదా?

కోడలు: అవును. ఆ ఊళ్లోనే, ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంగిపోయిన ఒక పెద్దాయన మీద తీశారు.

మామ: నల్గొండ అనగానే కెమెరా పట్టుకుని వచ్చేది దానికే. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని అందరికీ తెలుసు. పటిక, సున్నం కలిపి ఆ నీళ్లను బాగుచేసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే ఉంది. వచ్చారు, వంకరపోయిన కాళ్లను దగ్గర్నుంచి తీసుకున్నారు, పోయారు. ఇప్పుడు ఆ మనిషిని సొంత ఊరి నడిబొడ్డున కూర్చోబెట్టి, పన్నెండడుగుల తెర మీద ఆయన కాళ్లే చూపిస్తారా? పక్కింటి పిల్లలందరి ముందు?

(కోడలు వెంటనే జవాబివ్వలేదు.)

కోడలు: ఆ సినిమా హైదరాబాద్‌లో ఏసీ హాల్లో ఇప్పటికే రెండుసార్లు వేశారు. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నా. ఆ పెద్దాయన మాత్రం ఇంతవరకు చూడలేదు. పేరు కూడా తెలియని వందమంది ఆయన కాళ్లు చూడొచ్చు గానీ ఆయన చూడకూడదా?

మామ: చూడాలి. అందరి మధ్యలో చూడాలా అని అడుగుతున్నా.

కోడలు: తీసినవాడి ఎదురుగా చూడాలంటున్నా. మన దేశంలో మొదటి సినిమా ఆట 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో పడింది. అప్పుడు వేసినవన్నీ నిమిషం లోపు బొమ్మలే. ఆ ఆట వేయించిన ఫ్రాన్స్ అన్నదమ్ములు లూమియేర్‌ల మనుషులు ఊరూరా మోసుకెళ్లిన పెట్టెతోనే సినిమా తియ్యొచ్చు, దాంతోనే తెర మీద వెయ్యొచ్చు. అందుకే వెళ్లిన చోటే తీసి ఆ జనానికే చూపించేవాళ్లు. తీసినవాళ్లూ, తెర మీద కనపడ్డవాళ్లూ ఒకే చోట ఉండేవాళ్లు మామా.

మామ: డైరెక్టర్ ఎదురుగా ఉంటే మనవాళ్లు నిజం చెప్పరు. ఊరికొచ్చిన మనిషి కదా. ‘మంచిగ తీసినవ్ బిడ్డా’ అని శాలువా కప్పి పంపిస్తారు. నేను బాక్సు కిటికీలోంచి చూసేవాణ్ణి. నచ్చకపోతే నేల టికెట్ వాళ్లు లేచి బీడీ తాగడానికి పోయేవాళ్లు. అది నిజమైన మాట. డైరెక్టర్ ముందుంటే లేచి పోవడానికీ మొహమాటమే.

కోడలు: అందుకే వేదిక లేదు, శాలువాలు లేవు, కుర్చీలూ లేవు. డైరెక్టర్లకూ చాపలే. పోయిన ఏడాది నారాయణపేట వైపు ఒక తండాలో వలస మీద తీసిన సినిమా వేశాం. అయిపోయాక ఒకామె లేచి, ‘మేం బొంబాయి బస్సెక్కేది చూపించినవ్, తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నది ఎందుకు చూపలే?’ అని అడిగింది. డైరెక్టర్ తలొంచుకున్నాడు. ఆ తర్వాత గంటసేపు ఎవరూ కదల్లేదు. ఎవరి ఇల్లు ఎట్లా లేచిందో ఒక్కొక్కరే చెప్పారు. సినిమా పన్నెండు నిమిషాలే మామా.

(ఆ రాత్రి నేనూ ఆ తండాలో ఉన్నాను. ఆమె మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.)

మామ: ఆ ప్రశ్న మా హాల్లో వచ్చేది కాదు, ఒప్పుకుంటా. కానీ ఆమెకు చూపించుకోవడానికి ఇల్లుంది. కాళ్లు వంగినాయనకు ఏముంది?

కోడలు: అది నువ్వూ నేనూ చెప్పేది కాదు. ఆయనే చెప్పాలి.

మామ: అయితే ముందు ఆయన్ను అడగాలి కదా! కొత్త రీళ్లు వస్తే ముందురోజు రాత్రి ఖాళీ హాల్లో వేసి చూసుకునేవాణ్ణి, ఎక్కడ తెగిందో, ఎక్కడ అతుకుందో అని. మనిషి బతుకు మీద తీసిన బొమ్మకు ఆ మాత్రం ముందుచూపు అక్కర్లేదా? వాళ్లింట్లో, గోడ మీదే వేసి, ముందు ఆయనొక్కడికి చూపించండి. తర్వాత బొడ్రాయి సంగతి.

కోడలు: (కాసేపాగి) ఆదివారం పోతాను. ప్రొజెక్టర్ చిన్నదే, బండి మీద పడుతుంది.

మామ: చూసి వద్దంటే?

కోడలు: ఐదే వేస్తాం.

మామ: డైరెక్టర్ ఒప్పుకుంటాడా?

కోడలు: రాత్రికి ఫోన్ చేసి చెప్తా.

మామ: రాత్రిదాకా ఎందుకు, ఇప్పుడే చెయ్.