తెలుగు గంట ఎవరి చేతిలో?

పాతికేళ్ల కిందట ఒడిశాలోని మన బరంపురంలో సాయంత్రం కేబుల్ టీవీలో ఏం వచ్చేదో ఇప్పుడు నలభై దాటినవారికి చెప్పక్కర్లేదు. కేబుల్ వాళ్ల సొంత చానల్. బొమ్మలో గీతలు, మైకులో గరగర. ఒడియాలో ఊరి వార్తలయ్యాక కొంతసేపు తెలుగు. తెలుగు గంట అంటున్నది దాన్నే. కింద స్క్రోలింగులో ఎవరి పాపకో పుట్టినరోజు, ఎవరింటి పెద్దాయనకో పదకొండో రోజు, రేపు ఏ వీధిలో కుళాయి రాదో. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం... పేర్లు వేరైనా ఆ స్క్రోలింగు ఒకటే.

ఆ చానళ్లు ఇప్పుడు ఒక్కొక్కటే చేతులు మారుతున్నాయి. కొన్ని పెద్ద కంపెనీల గూటికి చేరాయి, కొన్ని ఫోన్లలోకి వెళ్లాయి, కొన్ని చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. ఎటు పోయినా ముందుగా కోత పడేది తెలుగు గంటకే.

టీవీ మన దగ్గరికి ఆలస్యంగానే వచ్చింది. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు చూపించిన సైట్ ప్రయోగం 6 రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో జరిగింది. అందులో ఒడిశా ఉంది, ఆంధ్రప్రదేశ్ ఉంది. బరంపురం ఉన్న గంజాం జిల్లా లేదు, సరిహద్దు అవతలి శ్రీకాకుళం లేదు. 1936లో ఒడిశాను వేరు చేసినప్పుడు గీసిన సరిహద్దుకు అటూ ఇటూ బతికేవాళ్లకు ఇలాంటివి కొత్త కాదు.

ఆ లోటు తీర్చింది కేబుల్ కుర్రాళ్లే. మేడ మీద పెద్ద డిష్షు, కింద ఒక గది, అందులో వరసగా రిసీవర్లు, ఒక్కో చానల్‌ను వైరులోకి ఎక్కించే మాడ్యులేటర్లు, ఒక వీసీఆర్. 1995లో కేబుల్ చట్టం వచ్చాక హెడ్ పోస్టాఫీసులో నమోదు చేసుకున్నవాడు ఆపరేటరయ్యాడు. ఇంకో మాడ్యులేటర్ కొనుక్కుంటే సొంత చానల్ కూడా పెట్టుకునేవాడు. అదే ఏడాది ఈటీవీ, జెమినీ మొదలై మన ఇళ్లలో తెలుగు గట్టిగానే వినిపించింది. కానీ ఆ తెలుగులో మన ఊరు లేదు. మన ఊరు ఉన్నది లోకల్ చానల్లోనే.

2011లో చట్టం సవరించి, 2012 నుంచి 2017 మార్చి దాకా నాలుగు దశల్లో అనలాగ్ కేబుల్‌ను ఆపేశారు. బొమ్మ అద్దంలా వచ్చింది, ఆ మేలును కాదనం. అయితే ఆ గదిలోని మాడ్యులేటర్లు పాత ఇనుప సామాను కొట్టుకు పోయాయి. ఇప్పుడు చానళ్లన్నీ ఎమ్మెస్వో, అంటే ఊరి ఆపరేటర్లకు చానళ్లు అందించే పెద్ద కేబుల్ సంస్థ, కంట్రోల్ రూమ్ నుంచి తాళం వేసుకుని వస్తాయి. ఆ తాళం తెరుచుకునేది మనింట్లో బాక్సు దగ్గరే. మధ్యలో ఉన్న ఊరి ఆపరేటరుకు వైరు తెగితే అతికించడం, నెల తిరిగితే డబ్బు వసూలు చేయడం మిగిలాయి. సొంత చానల్ వేయాలంటే దాన్ని ముందు ఎక్కడో దూరాన ఉన్న ఎమ్మెస్వో దాకా పంపాలి, అక్కడ చోటు అడగాలి, అడిగిన డబ్బు కట్టాలి. చీరల కొట్టు, అప్పడాల కొట్టు ఇచ్చే ప్రకటనలతో నడిచిన చానల్‌కు అది అయ్యే పనా?

యజమాని మారడమే తప్పని మేము అనం. భువనేశ్వర్‌లో 1997లో కేబుల్ చానల్‌గా పుట్టిన ఓటీవీ ఈరోజు రాష్ట్రమంతా చూసే చానల్. హైదరాబాద్ నుంచి తెలుగువాళ్లు 2002లో మొదలుపెట్టిన ఈటీవీ ఒడియా చేతులు మారి 2015లో కలర్స్ ఒడియా అయింది. చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. 2018 అక్టోబరులో డెన్, హాత్‌వే అనే రెండు పెద్ద కేబుల్ సంస్థలను రిలయన్స్ తన చేతిలోకి తీసుకునేందుకు ఒప్పందం చేసుకుంది. ఇవన్నీ కాగితాల మీద లెక్క చూసుకుని జరిగిన బేరాలు. బరంపురం తెలుగు గంటకు కాగితం లేదు. చానల్ అమ్మేటప్పుడు కనెక్షన్లు లెక్కపెడతారు, వైరు కొలుస్తారు, బాక్సులు ఎన్నో చూస్తారు. ఆ గంట ఏ పద్దులోనూ ఉండదు కాబట్టి అది పోయిన సంగతి కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికి గుర్తుండదు.

దారి మొత్తం మూసుకుపోలేదు. 2022 నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ లోకల్ చానళ్లకు నిబంధనలు పెట్టింది. ఒక్కో చానల్‌కు వెయ్యి రూపాయలు కట్టి ఆన్‌లైన్లో నమోదు చేసుకోవాలి, తెర మీద ‘ప్లాట్‌ఫామ్ సర్వీసెస్’ అని కనిపించాలి, స్థానిక వార్తలు వేసేది కంపెనీయే అయ్యుండాలి. ఇలాంటి చానళ్లు మొత్తం చానళ్లలో 5 శాతం మించకూడదన్నారు గానీ, జిల్లా స్థాయిలో స్థానిక కార్యక్రమాలకు మరో 15 చానళ్ల దాకా వీలిచ్చారు. స్థానిక భాష, సంస్కృతుల కోసమేనని ఆ ఉత్తర్వులోనే రాశారు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో కేబుల్ నడిపేవారు ఆ పదిహేనులో ఒక్కదాన్ని, పోనీ ఒక్కదానిలో అరగంటను, తెలుగుకు ఇస్తే నష్టపోయేదేమీ లేదు.

ఆ నిబంధనల్లోనే ఒక విడ్డూరం కూడా ఉంది. ఒక ఎమ్మెస్వో లోకల్ చానల్లో వచ్చింది ఇంకో ఎమ్మెస్వో వేయకూడదు. గుళ్లు, గురుద్వారాల నుంచి వచ్చే లైవ్‌కు మాత్రం మినహాయింపు. అంటే అమ్మవారి గుడి నుంచి వచ్చే హారతి అందరి టీవీల్లోనూ కనిపించవచ్చు. కుళాయి రాదన్న వార్త మాత్రం ఒకే కంపెనీ బాక్సున్న ఇళ్లకే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. దాని దెబ్బ గజపతి జిల్లాకు కూడా గట్టిగా తగిలింది. హైదరాబాద్ చానల్ పలాస దాకా వచ్చి ఆగుతుంది. భువనేశ్వర్ చానల్ గజపతి దాకా వస్తుంది, కానీ ఒడియాలో వస్తుంది. ఒడియా రాని ముసలమ్మలు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఈదురుగాలికి స్తంభాలు పడ్డాక కేబుల్ ఉండదు, కరెంటు ఉండదు, ఫోనూ అనుమానమే. కాబట్టి లోకల్ చానల్ పని తుపానుకు ముందు రెండు రోజులది. ఏ బడిలో తలదాచుకోవాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది ఆ రెండు రోజుల్లో తెలుగులో చెప్పేవాళ్లు కావాలి. జిల్లా యంత్రాంగం హెచ్చరికను ఒడియాతోపాటు తెలుగులోనూ రాసి కేబుల్ వాళ్లకు పంపితే స్క్రోలింగులో వేయడానికి వాళ్లకు ఖర్చేమీ కాదు.

కుర్రాళ్లు ఫోన్ పట్టుకుని యూట్యూబులో తెలుగు వార్తలు చెబుతున్నారుగా, ఇంకా కేబుల్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. చెబుతున్నారు, బాగానే చెబుతున్నారు. వాళ్లలో కొందరు మా పత్రికకంటే ముందే వార్త ఇస్తున్నారని ఒప్పుకోవడానికి మాకు నామోషీ లేదు. కానీ యూట్యూబులో మనిషి వెతుక్కుంటూ వెళ్లాలి. లోకల్ చానల్ అయితే సీరియల్ కోసం నంబర్లు మారుస్తుంటే మధ్యలో అదే తగులుతుంది. ముసలమ్మ చూసేది అలాగే.

మాకు అన్నింటికంటే ఎక్కువ బెంగ టేపుల గురించి. చానల్ చేతులు మారినప్పుడు కొత్త యజమానికి గది కావాలి, గదిలోని బీరువా అక్కర్లేదు. వీహెచ్ఎస్‌లు, మినీ డీవీలు మూటగట్టి బయట పెడతారు. రెండేళ్లకోసారి జరిగే బరంపురం అమ్మవారి ఠాకురాణి యాత్రలో, డేరా నేతవారి పెద్ద అయిన దేశిబెహరా ఇంటి సందడి, డేరా వీధుల్లో పట్టు మగ్గాలు, వీధి నాటకాలు, తెలుగు సంఘాల సభలు. 1999 అక్టోబరు 17న గంజాంను తుపాను కొట్టింది. 12 రోజులకే పారాదీప్ వైపు వచ్చిన మహా తుపాను ముందు మన తుపాను సంగతి మరుగున పడిపోయింది. దాని బొమ్మలు ఎక్కడైనా మిగిలి ఉంటే ఇలాంటి బీరువాల్లోనే ఉండాలి. నిబంధనలు చానళ్లను అడిగేది 90 రోజుల రికార్డింగు దాచమని మాత్రమే. పాతికేళ్లనాటిది దాచమని ఎవరూ అడగరు. టేపుకు బూజు పడుతుంది, బూజు దులిపినా ఆడించే మిషను దొరకదు, దొరికినా దాన్ని బాగుచేసే మెకానిక్ లేడు.

తెలుగు సంఘాలు సన్మానాల ఖర్చులో కొంత తగ్గించుకుని ఈ పని మీద పెట్టాలని మా మనవి. మా వంతుగా చెప్పేది ఒకటే. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, గది ఖాళీ చేయించేవాళ్లు ఎవరైనా సరే, ఆ మూట చెత్తబండి ఎక్కించే ముందు మాకు ఒక ఫోన్ కొట్టండి. మా ఆఫీసులో వీసీఆర్ ఒకటి ఇంకా తిరుగుతోంది.