మధుమేహ పంచాంగ శ్రవణం

ప్రపంచ మధుమేహ దినం, నవంబరు 14 వస్తే చాలు, విజయవాడ బెంజి సర్కిల్ నుంచి సూర్యారావుపేట దాకా ఫ్లెక్సీలు లేస్తాయి. ‘2045 నాటికి దేశంలో 12.49 కోట్ల మందికి షుగర్!’ పన్నెండున్నర కోట్లు అంటే సరిపోదు కాబోలు. 12.49. ఆ చివరి 9 చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే ఇప్పుడు ఎంతమందికి ఉందో ఎవరి లెక్క వాళ్లదే. ఈ 12.49 వేసిన అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021కి 7.42 కోట్లంది. అదే 2021కి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 10.1 కోట్లంది. 2022కి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఇంకో అధ్యయనం 21.2 కోట్లంది. ఏడాది తిరక్కుండా పదకొండు కోట్ల మందికి కొత్తగా అంటుకోలేదు లెండి. ఐసీఎంఆర్ వాళ్లు పరగడుపున ఒకసారి, గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలయ్యాక ఒకసారి చూశారు. లాన్సెట్ వాళ్లు పరగడుపు రీడింగుకి, రెండుమూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీని జతచేసి, ఏది దాటినా షుగరే అన్నారు. ఒంట్లో ఐరన్ తక్కువైతే ఈ హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతే.

ఇంతటి శాస్త్రాన్ని ఉగాదినాడు వినిపించకపోవడం అన్యాయం. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో వేదిక వేసి, పట్టుపంచె కట్టిన గణాంక సిద్ధాంతిగారిని కూర్చోబెట్టాలి. ‘ఈ సంవత్సరానికి రాజు గ్లూకోజు, మంత్రి ఇన్సులిను. మంత్రి మాట రాజు వినడు. సస్యాధిపతి బాపట్ల సన్నబియ్యం. ఇరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల రాశివారికి ఆదాయం 2, వ్యయం 14. రాజపూజ్యం 0, అవమానం 6.’

వెనక వరసలోంచి ఓ తాతగారు లేస్తారు. ‘నాకు ఎనభై రెండు, ముప్ఫయ్యేళ్లుగా మాత్రలు మింగుతున్నా. నా రాశి ఏది స్వామీ?’

‘సమాఖ్య లెక్క 79తో ఆఖరు తాతగారూ. ఎనభయ్యో పుట్టినరోజుకి మీకు నయమైపోయింది. శుభం.’

‘మా మనవడికి పందొమ్మిదండీ’ అంటుంది పక్కనున్న మామ్మగారు.

‘వచ్చే ఉగాదికి తీసుకురండమ్మా.’

గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చిన షావుకారు ఊరుకోడు. ‘రాబోయేది సరే, పాత పంచాంగాలు ఏమన్నాయో చెప్పండి.’ సిద్ధాంతిగారు గొంతు సవరించుకుంటారు. 1998లో వేసిన లెక్క 2025కి 5.72 కోట్లంది. 2004లో వేసింది 2030కి 7.94 కోట్లంది. ఐసీఎంఆర్ లెక్కన 2021కే రెండూ దాటేశాం. ‘వేసినప్పుడల్లా తక్కువే తూగింది కదయ్యా, కాటా మార్చరేం?’ అంటాడు షావుకారు. మైకు ఆగిపోతుంది.

కాటా గుట్టు చిన్నదే. వయసువారీగా, ఆడా మగా, పట్నం పల్లె విడదీసి, ఇవాళ నూటికి ఎందరికి ఉందో తీసుకుంటారు. ఆ శాతాన్ని అలాగే ఉంచి, 2045 జనాభాతో గుణిస్తారు. ముసలివాళ్లు పెరుగుతారు, పట్నాలు పెరుగుతాయి కాబట్టి అంకె పెరుగుతుంది. ఇవాళ్టి నలభయ్యేళ్లవాడికీ 2045లో నలభయ్యేళ్లు నిండేవాడికీ ఒకే శాతం అనుకోవడం దగ్గరే బండి బోల్తా. ఇలాంటి శాతాలు ఇచ్చే సర్వేల్లో ఒకటైన ఐసీఎంఆర్ సర్వే అన్ని రాష్ట్రాలూ చుట్టి రావడానికి 2008 నుంచి 2020 దాకా పట్టింది. అప్పుడెప్పుడో తీసిన రక్తం, నిన్న తీసిన రక్తం కలిపి ఒకే ఏడాది ఖాతాలో వేశారు. జనాభా అంటారా, చివరిసారి తలలు లెక్కపెట్టింది 2011లో. ఇన్ని ఊహల మీద నిలబడ్డ అంకెకి ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని రెండు హద్దులుండాలి. ఫ్లెక్సీలో హీరోగారి ఫొటోకి చోటుంది గానీ, వాటికి లేదు.

కాస్త మెరుగైన పద్ధతి ఉంది. ఏటా కొత్తగా ఎందరికి వస్తోంది, వచ్చినవాళ్లలో ఎందరు పోతున్నారు, రానివాళ్లలో ఎందరు పోతున్నారు అన్న మూడు అంకెలతో ఏడాది ఏడాదీ నడపాలి. అన్నట్టు, మంచి వైద్యం అంది జనం ఎక్కువ కాలం బతికినా రోగుల సంఖ్య పెరుగుతుంది. అది శుభవార్త. తగ్గితేనే భయపడాలి, పోయి తగ్గారేమోనని.

ఆ పోయినవాళ్ల అంకె ఎక్కడిది? నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసినవి 2020లో నూటికి పాతిక కూడా లేవు. రాసినవాటిలోనైనా ఏముంటుంది? కాలికి పుండు పడింది, కుళ్లింది, రెండు వేళ్లు తీశారు, తర్వాత మోకాలి కింద తీశారు, విషం రక్తానికెక్కి మనిషి పోయాడు. చావుకి కారణం డాక్టరు రాసిచ్చే ఫారం 4లో ఇది వరసగా రాయడానికే గళ్లున్నాయి: పైన సెప్సిస్, దాని కింద గాంగ్రీన్, అడుగున మధుమేహం. చాలాసార్లు రాసేది ఒక్క ముక్క, ‘గుండె ఆగి’. గుండె ఆగకుండా చచ్చినవాడు ఈ భూమ్మీద ఎవడైనా ఉన్నాడా? మనిషి కాలు పోయింది, ప్రాణం పోయింది, ఆఖరికి కాగితం మీద జబ్బు కూడా పోయింది! ఆ గడి నింపడానికి అర నిమిషం పట్టదు. అది నింపని దేశం 2045కి రెండో దశాంశం దాకా చెబుతుంటే చప్పట్లు కొట్టాలా?

సరే, 12.49 కోట్లే నిజమనుకుందాం. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 రోజుకి రెండు, ఏడాదికి మనిషికి 730. అందరికీ కలిపి తొమ్మిది వేల కోట్ల పైచిలుకు మాత్రలు. ఏడాదికి రెండుసార్లయినా హెచ్‌బీఏ1సీ, ఒకసారి కంటి రెటీనా, ఒకసారి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్, ఒకసారి పాదానికి పది గ్రాముల నైలాన్ పోగుతో స్పర్శ పరీక్ష. ఆ పోగు ముల్లంత కూడా ఉండదు, దాంతో ముందే చూస్తే చాలా కాళ్లు మిగులుతాయి. పీహెచ్‌సీలో ఇండెంటు రాసే ఫార్మసిస్టుకి కావలసింది వచ్చే మూడు నెలల్లో తన మండలంలో ఎందరు వస్తారు, ఎన్ని మాత్రలు, ఎన్ని టెస్టు స్ట్రిప్పులు అన్న అంకె. దశాంశాలు అక్కర్లేదు, వందల్లో చెప్పినా చాలు.