సవరణ: ఆపరేషన్ తర్వాత కళ్ళు తిరగడం గురించి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారికి లేవగానే కళ్ళు తిరిగితే ఉప్పు మజ్జిగ తాగితే చాలని గత వారం రాశాను. అది సగం మాటే, తప్పు నాదే. చెన్నైలో మా పిన్నికి పడుకున్నప్పుడు 118 చూపిన బీపీ మిషన్, మంచం దిగి నిలబడిన రెండు నిమిషాలకు 92 చూపింది. నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే డాక్టరుకు చెప్పవలసిందే. ఒంట్లో నీరు తగ్గడం ఒక కారణమే అయినా, బరువుతో పాటు రక్తపోటు కూడా దిగివస్తుండగా, 110 కిలోలున్ననాటి బీపీ మాత్రలను, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మాత్రను, అదే మోతాదులో వేసుకోవడమే ఆమె విషయంలో అసలు కారణమని డాక్టరు తేల్చారు. మోతాదు ఆయనే తగ్గించాలి, మనంతట మనం మానకూడదు. నల్లటి విరేచనం, ఆగని గుండెదడ, స్పృహ తప్పడం ఉంటే మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.