మూడు మిల్లీమీటర్ల విప్లవం

ఉత్తరాంధ్రలో కాంపోజిట్ల, అంటే మిశ్రమ పదార్థాల, పరిశ్రమ లేదని ఎవరన్నారో గానీ, వాళ్లని తీసుకొచ్చి మొన్న సదస్సు జరిగిన ఇంజనీరింగ్ కాలేజీ గేటు ముందు నిలబెట్టాలి. కాలేజీ పేరెందుకు లెండి, విజయనగరం దాటి ఏ రోడ్డు పట్టుకున్నా అలాంటిది ఒకటి తగులుతుంది. గేటు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఫ్లెక్సీ. పాలిస్టరు దారాల వల, దానికి రెండు వైపులా పీవీసీ పూత. దారం బలాన్నిస్తుంది, పూత ఆ దారాన్ని పట్టి ఉంచి ఎండావానల నుంచి కాస్తుంది. పాఠ్యపుస్తకం మొదటి పేజీలో మిశ్రమ పదార్థానికి ఇచ్చే నిర్వచనానికి ఇంతకన్నా చక్కటి ఉదాహరణ దొరకదు. ఈ రంగంలో మనం ఎవరికీ తీసిపోం. 2022లో సాక్షాత్తూ ప్రభుత్వమే ఫ్లెక్సీలను నిషేధిస్తున్నామని ప్రకటించినా పరిశ్రమ చెక్కుచెదరలేదు. అంత దృఢమైన పదార్థం మరి.

ఆ ఫ్లెక్సీ మీద ‘సహజ నార కాంపోజిట్ల తయారీ: నవకల్పనలు, నేటి సవాళ్లు’ అని రాసుంది. ఓ మూల చిన్న జనపనార కట్ట బొమ్మ. మిగిలిన జాగా అంతా ఛైర్మన్ గారు, వైస్ ఛైర్మన్ గారు, కరస్పాండెంట్ గారు, విదేశాల్లో చదువుతున్న వారి అబ్బాయి గారు. వచ్చినవాళ్లందరికీ ఒక్కో సంచి ఇచ్చారు. చూడ్డానికి గోనె నేత. ముట్టుకుంటే ప్లాస్టిక్. గోనె నేతని ప్లాస్టిక్ మీద అచ్చు వేయించారన్న మాట. సహజ నారకి ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, శాలువాలు అయ్యాయి. ఇక అసలు ఘట్టం. నలుగురు విద్యార్థులు ఓ బల్లని వేదిక మీదకి మోసుకొచ్చారు. బల్ల మీద ఎర్ర మఖ్మల్ గుడ్డ. గుడ్డ కింద ఏదో ఉంది. ముఖ్య అతిథి గారు రిబ్బన్ లాగారు, గుడ్డ జారింది, హాలంతా చప్పట్లు.

పలక. గోధుమ రంగు పలక. పొడవు 300 మిల్లీమీటర్లు, వెడల్పు 300, మందం 3.

ముఖ్య అతిథి గారు దాన్ని చేతిలోకి తీసుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఏది ముందో ఏది వెనకో తేలక, ఫొటోల కోసం గుండెలకి ఆనించి పట్టుకున్నారు. ఫొటోలయ్యాక, పాపం మర్యాదకే, పక్కనున్న అమ్మాయిని అడిగారు.

‘‘దీంతో ఏం చేస్తారమ్మా?’’

‘‘ముక్కలుగా కోసి విరగ్గొడతాం సార్.’’

హాలు ఒక్క క్షణం ఆగింది.

‘‘ఎందుకమ్మా?’’

‘‘ఎంత బలానికి విరిగిందో గ్రాఫ్ గీస్తాం సార్.’’

‘‘ఆ తర్వాత?’’

‘‘మార్కులు వేస్తారు సార్.’’

ఆ రోజు ఆ వేదిక మీద వినపడ్డ నిజం అదొక్కటే. శాఖాధిపతి గారు గబగబా మైకు అందుకుని, దీని ‘ఫ్యూచర్ స్కోప్’ అపారమని, విమానాల్లో, కార్లలో, హెల్మెట్లలో, ఫర్నిచర్లో వాడొచ్చని సెలవిచ్చారు. ముఖ్య అతిథి గారికి విమానం అనే మాట దొరికింది, చాలు. భోగాపురం నుంచి ఎగిరే ప్రతి విమానంలోనూ మన జిల్లా నార ఉండాలన్నదే తన కల అన్నారు. మళ్లీ చప్పట్లు. పలకని మళ్లీ మఖ్మల్లో చుట్టారు. దానికీ ఓ శాలువా కప్పుతారేమోనని చూశాను, కప్పలేదు.

ఈ పలక కొత్తదేమీ కాదు. దేశంలో ఏ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లినా మెకానికల్ ఆఖరి ఏడాది పిల్లల చేత ఈ పలకే చేయిస్తారు. దానికో మంత్రం ఉంది: ఎల్‌వై 556, హెచ్‌వై 951, పదికి ఒకటి. మొదటిది ఎపాక్సీ రెసిన్, అంటే నారని పట్టి ఉంచే జిగురు లాంటిది, రెండోది దాన్ని గట్టిపరిచేది. ఏ ప్రాజెక్టు రిపోర్టు తెరిచినా ఇవే నంబర్లు, ఇదే పాళ్లు. చెక్క అచ్చుకి మైనం రాయి, ఒక పొర నార, దాని మీద రెసిన్, బ్రష్షు, రోలరు, మళ్లీ నార. పైన బరువు పెట్టి ఒక రోజు వదిలెయ్యి. విప్లవం రెడీ. నవకల్పన అంతా ఏ పీచు వేశారన్న దాంట్లోనే. నిరుడు అరటి నార, అంతకు ముందు కొబ్బరి పీచు, దానికీ ముందు తాటి పీచు. కోడి ఈకలు వేసినవాళ్లున్నారు, మంగలి షాపు నుంచి తల వెంట్రుకలు తెచ్చి వేసినవాళ్లూ ఉన్నారు. పీచు మారితే పేపరు మారుతుంది, పేపరు మారితే ప్రమోషన్ వస్తుంది. పలక మాత్రం పలకే. ఇన్నేళ్లలో దానికి ఒక వంపు కూడా రాలేదు. కనీసం గిన్నె ఆకారంలో చేసినా ఇంట్లో పప్పు పోసుకోవడానికి పనికొచ్చేది.

అసలు ఈ విద్యలో చిక్కు ఎక్కడుందంటే, నారకి నీళ్లంటే ప్రాణం, రెసిన్‌కి నీళ్లంటే గిట్టదు. జాతకాలు చూడకుండా చేసిన పెళ్లి ఇది. పైకి అతుక్కున్నట్టే కనిపిస్తారు గానీ, తేమ తగలగానే నార ఉబ్బుతుంది, రెసిన్ నుంచి విడిపోతుంది, ఆ సందులోంచి బీట మొదలవుతుంది. అందుకని ముందు నారని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి కడుగుతారు. కొంత నయం అవుతుంది. ఆ కడిగిన సోడా నీళ్లు ఎక్కడ పారబోయాలన్నది మాత్రం ఏ పేపర్లోనూ ఉండదు. ఇంకో చిక్కు, నార ఏ రెండు కట్టల్లోనూ ఒకేలా ఉండదు. చేను, వాన, కోత వేళ, ఊరబెట్టిన నీళ్లు, అన్నింటి ముద్రా దాని మీద పడుతుంది. గాజు పీచుకి ఈ బాధ లేదు, బొబ్బిలిలో కొన్నా బొంబాయిలో కొన్నా ఒకటే. కార్లవాళ్లు ఈ చిక్కులన్నిటితోనూ ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, తలుపు లోపలి పలకల వరకూ నారని తేగలిగారు. అది నిజమైన పని. అక్కడా పలకే, కాదనను. కానీ దాన్ని తలుపుకి బిగించారు.

విమానాల సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. బోయింగ్ 787 బరువులో సగం, ఎయిర్‌బస్ ఎ350లో 53 శాతం కాంపోజిట్లేనని స్లైడు వేశారు. నిజమే. అయితే అందులో ఎక్కువ భాగం కార్బన్ ఫైబర్, ఎపాక్సీ పట్టించి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో దాచిన సరుకు. దాన్ని ఆటోక్లేవులో, అంటే ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద పొయ్యిలో, పీడనం పెట్టి కాలుస్తారు. ఒక్క భాగం విమానం ఎక్కాలంటే అంతకు ముందు వేల ముక్కలు విరగాలి, ప్రతి ముక్క ఎక్కడ పుట్టిందో, ఎవరు కోశారో కాగితం ఉండాలి. మన పలక నుంచి కోసేది ఐదు ముక్కలు. అందులో ఒకటి మిషన్ దవడల్లోనే నలిగిపోతుంది, దాన్ని గ్రాఫులోంచి మర్యాదగా తప్పిస్తారు.

ఇంతకీ ఆ పలకలో నార ఎక్కడిదండీ అని టీ టైములో అడిగాను. ‘‘ఆన్‌లైన్లో తెప్పించాం సార్, కలకత్తా నుంచి’’ అన్నాడు కుర్రాడు గర్వంగా.

కలకత్తా నుంచి. జనుములాగే నారనిచ్చే గోగు పండే జిల్లాలో కూర్చుని. ఆమదాలవలసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, గోగు మీద పని చేస్తుంది, ఎ.ఎం.వి. పేరుతో రకాలు విడుదల చేసింది, ఆ మూడక్షరాలూ ఆమదాలవలసవే. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం మెట్ట చేలల్లో గోగు లేని ఊరు వెతకాల్సి వచ్చేది. ఇప్పుడా చేలల్లో మొక్కజొన్న. సదస్సులో స్థానిక గోగుకి దక్కిన ఏకైక ప్రాతినిధ్యం భోజనాల దగ్గర గోంగూర పచ్చడి. అది మాత్రం అద్భుతంగా ఉంది, అందులో ఎలాంటి పరిశోధనా జరగలేదు.

రైతు గోగు ఎందుకు మానేశాడో ఆ హాల్లో ఎవరూ అడగలేదు గనక నేను చెబుతాను. గోగుని కోసి, కట్టలు కట్టి, చెరువులో రెండు మూడు వారాలు ఊరబెట్టాలి. వానలు లేని ఏడు చెరువులో నీళ్లుండవు. నీళ్లున్న ఏడు అవి కుళ్లి నల్లబడతాయి, ఆ వాసన పక్క ఊరికి తెలుస్తుంది. ఆ నీళ్లలో నడుము లోతున దిగి, చీర కుచ్చిళ్లు పైకి దోపి, ఒక్కో కర్ర నుంచీ పట్టలా నార ఒలిచి, నీళ్ల మీద కొట్టి, జాడించి, గట్టు మీదకి విసరాలి. పొద్దున్న దిగిన మనిషి మధ్యాహ్నానికి గానీ పైకి రాదు. వేళ్ల సందుల్లో చర్మం పాసిపోతుంది, కాళ్లకి దురద, ఒళ్లంతా ఆ కంపు. ఇంటికొచ్చి ఎన్నిసార్లు తోముకున్నా పోదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే ముందు ఆ వాసనే తగులుతుంది.

నవకల్పన కావలసింది అక్కడ! ఆ చెరువులో! ఊరే రోజులు తగ్గించే సూక్ష్మజీవుల పొడి బెంగాల్‌లోని బారక్‌పూర్ జనపనార పరిశోధన సంస్థవాళ్లు తయారు చేశారు, క్రైజాఫ్ సోనా అంటారు. పచ్చి కర్ర మీదే పట్ట ఒలిచే మిషన్లు కూడా వచ్చాయి. మన చెరువు దాకా ఎన్ని వచ్చాయి? ఆ నీళ్లలో దిగే ఆడమనిషికి ఒక జత రబ్బరు బూట్లు, ఒక జత గ్లౌజులు ఇవ్వడానికి ఏ ఎపాక్సీ కావాలి? సెమినార్ శాలువాల ఖర్చులో సగం చాలదా? నారని ఆకాశానికి ఎత్తే నోళ్లకి నార తీసే చేతులు కనబడవేం?

మిల్లుల సంగతి ఎత్తితే ఇంకా చేదు. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం. జూటు మిల్లు సైరనుకి పొయ్యి వెలిగించిన ఊళ్లు ఇవి. ముడి సరుకు ధర, కరెంటు, ప్లాస్టిక్ సంచుల పోటీ అంటూ లాకౌట్ల మీద లాకౌట్లు. తిండిగింజలు గోనె సంచుల్లోనే నింపాలని 1987లో చట్టమే తెచ్చారు. అంత అండ ఉండగానే ఇన్ని తాళాలు పడ్డాయి. నెల్లిమర్లలో 1994లో పోలీసు కాల్పులకి కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లు నార దుమ్ము పీల్చి, దగ్గుతూ గేటు బయట కూర్చుని, పీఎఫ్ ఎప్పుడొస్తుందో తెలియని మనిషి ఇంటికి కూతవేటు దూరంలో, ఏసీ హాల్లో, ‘నార భవిష్యత్తు’ మీద పవర్ పాయింట్! సిగ్గు అనే పదార్థాన్ని దేనితో కలిపితే గట్టిపడుతుందో ఎవరైనా పేపరు రాస్తే బాగుణ్ణు.

సరే, గొంతు తగ్గిస్తాను. సదస్సుకి పిలవాల్సి ఉండీ పిలవని కాంపోజిట్ నిపుణులు ఇంకా ఉన్నారు. శ్రీకాకుళం తీరం పొడవునా, మెరక మీద తాటాకు పందిళ్ల కింద ఫైబర్ బోట్లు చేసేవాళ్లు. అచ్చుకి మైనం పట్టించి, జెల్‌కోటు అనే పై పూత పూసి, గాజు పీచు మ్యాటు పరిచి, రోవింగ్ అనే గాజు దారాల నేత వేసి, రెసిన్ తాగించి, రోలరుతో బుడగలు తీసి, సముద్రం మీద మనిషి ప్రాణం నిలబెట్టే వస్తువు చేస్తారు. ఎండ ముదిరితే రెసిన్ డబ్బాలోనే గడ్డకట్టి పొగలు కక్కుతుందని, ముసురు పడితే రెండు రోజులైనా జిగట పోదని వాళ్లకి ఒంటికి తెలుసు. గాజు నూగు మెడ మీద, మోచేతుల మీద గుచ్చుకుని రాత్రంతా గోకుతూనే ఉంటారు. ఘాటుగా ముక్కుకి తగిలేది ఆ రెసిన్‌లోని స్టైరీన్ అనే రసాయనం. అది మనుషులకి బహుశా కేన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం 2018లో తేల్చింది. ముక్కుకి అడ్డం ఉన్నది తువ్వాలు. ఇక ఆ బోటు పాడైతే కరిగించి మళ్లీ పోయడానికి లేదు, ఒకసారి గట్టిపడ్డ ఆ రెసిన్ మరి కరగదు. గాలిమరల రెక్కల్ని ఏం చేయాలో తెలియక అమెరికాలోనే గోతులు తీసి పూడ్చారు. మన దగ్గర తిరగేసిన పాత బోటు కింద కోళ్లు పెంచుతున్నారు. రీసైక్లింగులో ఎవరు ముందున్నారో మీరే చెప్పండి.

సదస్సు రెండో రోజు ‘పరిశ్రమ సందర్శన’ అని రాసుంది గనక పిల్లల్ని బస్సెక్కించి అలాంటి పందిరి ఒకదానికి తీసుకెళ్లారు. శాఖాధిపతి గారు పలక తీసి మేస్త్రీ చేతిలో పెట్టారు. ఆయన వేలితో కొట్టి చప్పుడు విన్నాడు, అంచు గోటితో గీకాడు, వెలుతురుకి ఎత్తి చూశాడు.

‘‘బుడగలున్నాయి బాబూ లోపట. ఇది నీటిలో ఎన్నాళ్లుంటాది?’’

‘‘ఇరవై నాలుగు గంటలు ముంచి టెస్ట్ చేశాం’’ అన్నారు శాఖాధిపతి గారు.

‘‘మరి మా బోటు పదేళ్లుండాల కదండీ’’ అని పలక తిరిగిచ్చేసి, పక్కనున్న కేటలిస్టు డబ్బా, అదే రెసిన్‌ని గట్టిపరిచే మందు, చేతికి తీసుకున్నాడు. ‘‘దీని మీద ఇంగ్లీషులో ఏటో రాసుందండి. మా గుంటడికి మొన్న కంట్లో సుక్క పడిపోనాది. సదువుకున్నోళ్లు, ఏటి రాసుందో కాస్త సెప్పి ఎల్లండి.’’

కంట్లో పడితే చూపు పోవచ్చని రాసుంది. వెంటనే నీళ్లతో చాలాసేపు కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాలని కూడా రాసుంది. ఆ పలక చేసిన అమ్మాయే చదివి చెప్పింది. శాఖాధిపతి గారు అప్పటికే గ్రూప్ ఫొటో కోసం అందర్నీ బోటు దగ్గర వరసగా నిలబెడుతున్నారు.