ఇక ఆడటం ఆపేస్తే మేలు

లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్ యాజమాన్యానికి అభిమానుల తరఫున ఒక విన్నపం ఎప్పటి నుంచో పెండింగులో ఉంది. మొహమాటం కొద్దీ ఎవరూ నోరు విప్పడం లేదు కాబట్టి ఆ బాధ్యత నేను నెత్తిన వేసుకుంటున్నాను. అయ్యా, దయచేసి ఆడటం ఆపేయండి. 2003-04 సీజన్‌లో ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లు ఆడి, ఒక్కటీ ఓడకుండా టైటిల్ పట్టుకొచ్చారు. 26 గెలుపులు, 12 డ్రాలు, 90 పాయింట్లు. అక్కడితో గేటుకు తాళం వేసి, ఆ తాళంచెవిని కూడా ట్రోఫీల పక్కనే పెట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది! ఆ తర్వాత మీరు ఆడిన ప్రతి మ్యాచ్ వల్ల మా జ్ఞాపకాలకు జరిగిన నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

వేసవి సెలవులు అయిపోయాయి కదా అని 2004 ఆగస్టులో మళ్లీ బూట్లు కట్టుకోవడమే మీరు చేసిన మొదటి తప్పు. ఎలాగోలా ఓటమి లేకుండా వరుసగా 49 లీగ్ మ్యాచ్‌ల వరకు బండి నడిచింది. అక్టోబర్ 24న మాంచెస్టర్ యునైటెడ్ తన సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2-0తో దాన్ని ఆపేసింది. ఆ రోజు యునైటెడ్ కుర్రాడు వేన్ రూనీ 19వ పుట్టినరోజు. పెనాల్టీ బాక్సులో మా డిఫెండర్ సోల్ క్యాంప్‌బెల్ కాలు చాచాడు, రూనీ పడ్డాడు, రిఫరీ విజిల్ వేశాడు, వాళ్ల వాన్ నిస్టెల్‌రాయ్ పెనాల్టీని గోల్ కొట్టాడు. చివర్లో రూనీ కూడా ఒకటి వేసి పుట్టినరోజు పండగ పూర్తి చేసుకున్నాడు. క్యాంప్‌బెల్ కాలు రూనీకి తగలనే లేదని మా దగ్గర ఆధారాలున్నాయి. స్లో మోషన్‌లో చూశాం, ఇంకా స్లోగా చూశాం, బొమ్మ అసలు కదలకుండా ఆపేసి కూడా చూశాం. మ్యాచ్ అయ్యాక టన్నెల్‌లో ఎవరో విసిరిన పిజ్జా ముక్క యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు తగిలింది. అది తన పనేనని సెస్క్ ఫాబ్రెగాస్ 2017లో ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం మా వైపు నుంచి లక్ష్యం చేరింది అదొక్కటే.

రూనీ పడటం మోసం. ఇందులో రెండో మాటకు తావు లేదు. ఇదే సందర్భంలో గిట్టనివాళ్లు 2003 సెప్టెంబర్ 13 నాటి పోర్ట్స్‌మౌత్ మ్యాచ్‌ను తవ్వి తీస్తుంటారు. మా అప్పటి సొంత మైదానం హైబరీలో మేం ఒక గోల్ వెనకబడి ఉన్నప్పుడు మా రాబర్ట్ పిరెస్ బాక్సులో కింద పడ్డాడు. డిఫెండర్ కాలు ఆయనకు అడ్డం వచ్చిందా, లేక ఆయన కాలే దాన్ని వెతుక్కుంటూ వెళ్లిందా అన్నది లోతుగా ఆలోచించాల్సిన విషయం. మేం ఆలోచించలేదు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు, థియరీ హెన్రీ కొట్టాడు, మ్యాచ్ 1-1 డ్రా. వాడు పడితే మోసం, మనవాడు పడితే సమయస్ఫూర్తి. ఈ చిన్న తేడా తెలియనివాళ్లతో ఫుట్‌బాల్ మాట్లాడటం అనవసరం.

ఆ తర్వాతి వారమే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంకో గండం. స్కోరు 0-0, ఆట ఆఖరి ఘడియల్లో యునైటెడ్‌కు పెనాల్టీ. వాన్ నిస్టెల్‌రాయ్ బలంగా కొట్టాడు, బంతి క్రాస్‌బార్‌కు తగిలి వెనక్కి వచ్చింది. అది ఒక్క జానెడు కిందికి దిగి ఉంటే 'అజేయులు' అని పేరు తెచ్చుకున్న ఆ జట్టూ లేదు, ఈ వ్యాసమూ లేదు. మా ఇప్పటి ఎమిరేట్స్ స్టేడియం బయట హెన్రీకి విగ్రహం ఉంది, బెర్గ్‌క్యాంప్‌కు ఉంది, మేనేజర్ ఆర్సీన్ వెంగర్‌కు 2023లో పెట్టారు. అంత గోల్ ఆపిన ఆ క్రాస్‌బార్‌కు మాత్రం ఇప్పటికీ దిక్కు లేదు.

ఇక సున్నితమైన విషయానికి వద్దాం. ఓటమి ఎరుగని ఆ జట్టు ఆ సీజన్‌లో ఆరుసార్లు ఓడింది. యూరప్ క్లబ్బుల కప్పు పోటీ అయిన చాంపియన్స్ లీగ్‌లో ఇంటర్ మిలాన్ మా సొంత మైదానానికి వచ్చి 3-0తో ఉతికి వెళ్లింది. కీవ్ వెళితే అక్కడా ఓటమే. లీగ్ కప్ సెమీఫైనల్లో మిడిల్స్‌బ్రో అటూ ఇటూ రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించింది. ఏప్రిల్ 3న ఎఫ్ఏ కప్ సెమీస్‌లో యునైటెడ్, ఏప్రిల్ 6న చాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో చెల్సీ. అంటే అజేయులు నాలుగు రోజుల్లో రెండు కప్పుల నుంచి ఇంటిదారి పట్టారు. పెద్ద సమస్యేమీ కాదు. లీగ్ లెక్క వేరు, కప్పుల లెక్క వేరు. అప్పులు వదిలేసి జీతం మాత్రమే చూసుకుంటే ఎవరైనా ధనవంతులే కదా అని ఒక చెల్సీ అభిమాని అన్నాడు. అతనితో మాటలు మానేశాం.

ఇంత వెటకారం చేసే నేను కూడా ఏప్రిల్ 9 దగ్గరికొచ్చేసరికి నోరు మూసుకుంటాను. రెండు దెబ్బలు తిన్న మూడో రోజు హైబరీలో లివర్‌పూల్. హాఫ్ టైమ్‌కు 1-2తో వెనకబడ్డారు. సీజన్ మొత్తం చేజారిపోతోందని స్టేడియమంతా టెన్షన్. రెండో సగంలో పిరెస్ స్కోరు సమం చేశాడు. కాసేపటికే మైదానం మధ్యలో హెన్రీకి బంతి దొరికింది. లివర్‌పూల్ ఆటగాడు హమన్‌ను దాటేశాడు. క్యారగర్‌ను ఎంత మెలిక తిప్పాడంటే, ఆ పెద్దమనిషి వెళ్లి తన జట్టువాడినే గుద్దుకున్నాడు. హెన్రీ ఏ హడావుడీ లేకుండా బంతిని మూలకు పంపాడు. ఆఖరికి 4-2. ఆ గోల్ చూసి పెదవి విరిచేవాడికి ఆట చూడటం దండగ. సరే, వ్యంగ్యంలోకి తిరిగి వస్తాను.

'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అంటూ మమ్మల్ని వెక్కిరించేవాళ్లున్నారు. పోలిక తప్పు. ఇక్కడ తాతల ప్రసక్తే లేదు, నెయ్యి స్వయంగా తాగామనే మా నమ్మకం. 2004లో ఉయ్యాలలో ఉన్నవాళ్లే ఇప్పుడు అందరికన్నా గట్టి ప్రత్యక్ష సాక్షులు. లెమన్, లారెన్, టురే, క్యాంప్‌బెల్, కోల్, యుంగ్‌బర్గ్, వియెరా, గిల్బెర్టో, పిరెస్, బెర్గ్‌క్యాంప్, హెన్రీ అంటూ నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్తారు. పోయిన వారం మ్యాచ్‌లో లెఫ్ట్ బ్యాక్ ఎవరంటే మాత్రం కాస్త తడుముకుంటారు. లీగ్ చివరి మ్యాచ్‌లో, అప్పటికే కింది డివిజన్‌కు జారిపోయిన లెస్టర్ మీద, మార్టిన్ కియోన్ పతకానికి కావాల్సిన పదో మ్యాచ్ కోసం ఆఖరి నిమిషాల్లో మైదానంలోకి దిగాడని కూడా చెప్తారు. ఆ మ్యాచ్‌లో మొదటి గోల్ లెస్టర్‌దేనన్నది అడిగితేనే చెప్తారు.

ఆ లెస్టర్ అభిమానులకూ ఇదే జబ్బు ఉంది, ఇంకా ముదిరిన దశలో. 5000కు 1 పందెం రేటుతో మొదలై 2015-16లో టైటిల్ కొట్టారు, ఏడాది తిరక్కుండానే గెలిపించిన మేనేజర్ రానియేరీని పంపించేశారు, 2023లో కింది డివిజన్‌కు జారారు. మాది వాళ్లకన్నా గౌరవప్రదమైన జబ్బు.

ఇదే ఘనత ఇంకొకరు సాధించారని తెలిస్తే మాత్రం మాకు నిద్ర పట్టదు. ప్రెస్టన్ నార్త్ ఎండ్ 1888-89లోనే లీగ్ మొత్తం ఓడకుండా గెలిచిందట, పైగా ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఎఫ్ఏ కప్పూ ఎత్తుకుపోయిందట. అప్పుడు 22 మ్యాచ్‌లే కదా, కొట్టేశాం. జర్మనీలో బేయర్ లెవర్‌కుసెన్ 2023-24లో ఓడకుండా లీగ్ గెలిచింది. వాళ్లకూ సరిగ్గా 90 పాయింట్లే, కాకపోతే 34 మ్యాచ్‌లలో. నాలుగు మ్యాచ్‌లు తక్కువ ఆడారు కాబట్టి కష్టం కూడా తక్కువ, అదీ కొట్టేశాం. మాంచెస్టర్ సిటీ 2017-18లో 100 పాయింట్లు తెచ్చుకుంది. రెండు మ్యాచ్‌లు ఓడింది కాబట్టి ఆ ఫైలు తెరవనే లేదు.

అసలు మేం మొక్కుకోవడానికి ఒక గుడి అయినా మిగిల్చారా? 2006లో హైబరీ ఖాళీ చేసి ఎమిరేట్స్‌కు మారారు. పాత స్టేడియాన్ని ఫ్లాట్లు చేశారు, పిచ్ ఉన్నచోట తోట వేశారు. క్యారగర్ పల్టీ కొట్టిన చోట ఇప్పుడు పూలమొక్కలుండొచ్చు. భక్తి కొద్దీ అక్కడికి వెళ్లి నిలబడితే, ఎవరి బాల్కనీ కేసి చూస్తున్నావని వాచ్‌మన్ అడిగే పరిస్థితి. ఆ సీజన్ కోసం ప్రత్యేకంగా చేయించిన బంగారు ట్రోఫీని కూడా 2018లో వెంగర్ వెళ్లిపోతుంటే ఆయన చేతిలో పెట్టారు. ఇచ్చినందుకు బాధ లేదు, ఆయనకు కాక ఎవరికిస్తారు? కానీ మా తరఫున ఒక్కరినైనా అడిగారా?

2023, 2024, 2025లలో వరుసగా మూడుసార్లు రెండో స్థానంలో నిలిచినప్పుడు మేం ఏడ్చామని లోకం అనుకుంది. లోపల కొంత ఊరట కూడా ఉంది. కొత్త టైటిల్ ఎప్పుడొచ్చినా దాని ఖాతాలో రెండో మూడో ఓటములుంటాయి. మచ్చ ఉన్న ఆ టైటిల్‌ను తెచ్చి బంగారు సీజన్ పక్కన పెడితే, మా ఇరవై ఏళ్ల కబుర్ల గతేం కాను? కొత్త కుర్రాళ్లు కొత్త పేర్లు వల్లిస్తారు. మమ్మల్ని పక్కకు జరగమంటారు.

కాబట్టి క్లబ్‌ను మూసేయడానికి చట్టం ఒప్పుకోకపోతే కనీసం ఈ మాత్రం చేయండి. వారాంతాల్లో కొత్త మ్యాచ్‌లు మానేసి, ఆ 38 మ్యాచ్‌లనే స్టేడియంలో పెద్ద తెర మీద వరుసగా వేయండి. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి. టికెట్ ధర తగ్గించక్కర్లేదు. డ్రాలు కూడా ఓపికగా చూస్తాం. లివర్‌పూల్ మ్యాచ్ హాఫ్ టైమ్‌లో గోళ్లు కొరుక్కుంటాం, ఫలితం తెలియనట్టే. ఓల్డ్ ట్రాఫర్డ్ క్రాస్‌బార్ తెర మీదికి రాగానే లేచి నిలబడతాం. పోర్ట్స్‌మౌత్ మ్యాచ్ వేసేటప్పుడు మాత్రం పిరెస్ పడే ఘట్టాన్ని దూరం నుంచి తీసిన కెమెరాలోనే చూపించండి. రీప్లే వద్దు.