స్కాన్ నార్మల్ అన్నారు సరే, మరి ఈ తలనొప్పి సంగతి ఎవరు అడుగుతారు?

బైక్ మీంచి పడినా, మెట్ల మీద జారినా, ఆటలో పక్కవాడి మోచెయ్యి తలకి గట్టిగా తగిలినా తర్వాత జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. ఎమర్జెన్సీకి పరిగెడతాం, కళ్ళలో లైటు వేసి చూస్తారు, ఈరోజు ఏ వారం అని అడుగుతారు, అవసరమనిపిస్తే సీటీ స్కాన్ తీస్తారు, రక్తం లేదు, ఎముక విరగలేదు, ఏం లేదు ఇంటికెళ్ళండి అంటారు. నా పేచీ ఆ "ఏం లేదు" అన్న మాటతోనే. స్కాన్‌లో ఏం లేదనడం వేరు, మనిషికి ఏం లేదనడం వేరు కదా.

ఇలాంటి తల దెబ్బలకి పెట్టే మైల్డ్, అంటే తేలికపాటి, అనే పేరు చూడండి. స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ మీద (15 అంటే పూర్తి స్పృహ) 13 నుంచి 15 మధ్య స్కోరు, స్పృహ తప్పితే అరగంట లోపే తిరిగి రావడం, దెబ్బ తగిలిన సమయంలో జరిగింది గుర్తులేకపోతే అది 24 గంటలు దాటకపోవడం, ఇవి ఉంటే మైల్డ్ అంటారు. అంటే ఆ మొదటి రోజు ఎలా ఉన్నారో చూసి పెట్టిన పేరు అంతే, తర్వాత మూడు నెలలు ఎలా గడుస్తాయో అది చెప్పదు. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత ఇలాంటి చోటే గుర్తొస్తుంది. దెబ్బ తర్వాత ఎక్కువమంది చెప్పే బాధ తలనొప్పే. విచిత్రం ఏంటంటే పెద్ద దెబ్బ తగిలినవాళ్ళ కంటే చిన్న దెబ్బ తగిలినవాళ్ళే తలనొప్పి గురించి ఎక్కువ చెప్పారని తేలిన అధ్యయనాలు కూడా ఉన్నాయి.

డాక్టర్లు వాడే అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ ఒకటుంది, దాని మూడో ఎడిషన్ 2018లో వచ్చింది. దెబ్బ తగిలిన, లేదా స్పృహ వచ్చిన 7 రోజుల్లోపు మొదలైతే అది దెబ్బ వల్ల వచ్చిన తలనొప్పి, 3 నెలలు దాటినా పోకపోతే మొండి తలనొప్పి అని అందులో ఉంది. బానే ఉంది, కానీ ఈ పేరు ఎప్పుడు మొదలైందో చెప్తుంది తప్ప ఎలాంటి నొప్పో చెప్పట్లేదు. ఒకరికి తల చుట్టూ పట్టీ బిగించినట్టు ఉంటుంది, ఇంకొకరికి ఒక పక్కే టకటకా కొట్టుకుంటుంది, వికారం, వెలుతురు చూడలేరు, మెట్లెక్కితే నొప్పి పెరుగుతుంది. ఈ రెండో రకం మైగ్రేన్ పోలిక. ఆటల్లో దెబ్బ తగిలిన టీనేజర్ల మీద చేసిన పరిశోధనల్లో ఇలా మైగ్రేన్ లక్షణాలు ఉన్నవాళ్ళు కోలుకోడానికి ఎక్కువ రోజులు పట్టింది. ఇద్దరికీ ఒకే టాబ్లెట్ రాసి, తగ్గుతుందిలే అని పంపేస్తే ఎలా మరి?

అడగడానికి పెద్ద మెషీన్లేం అక్కర్లేదు. ఐడీ మైగ్రేన్ అని 2003లో వచ్చిన చిన్న పరీక్ష ఉంది, మూడే ప్రశ్నలు: తలనొప్పి వచ్చినప్పుడు వికారంగా ఉంటుందా, వెలుతురు ఇబ్బంది పెడుతుందా, గత 3 నెలల్లో కనీసం ఒక్కరోజైనా తలనొప్పి వల్ల పని ఆగిపోయిందా. రెండింటికి అవును అంటే మైగ్రేన్ అని అనుమానించాలి. మామూలు క్లినిక్కుల్లో చూసినప్పుడు మైగ్రేన్ ఉన్న 100 మందిలో 81 మందిని ఇది పట్టుకుంది, లేని 100 మందిలో 25 మందిని మాత్రం అనవసరంగా ఉన్నవాళ్ళ లెక్కలో వేసింది. మూడు ప్రశ్నలకి అది మంచి మార్కులే.

కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ పరీక్షని దెబ్బ తగిలిన వాళ్ళ కోసం తయారు చెయ్యలేదు. దెబ్బ తగిలిన మర్నాడు ఎవర్ని అడిగినా వికారం ఉంటుంది, లైటు పడదు, ఆఫీసుకి వెళ్ళలేదు కాబట్టి పని కూడా ఆగింది, ఇక మూడింటికి మూడూ అవునే. పది రోజుల కిందట పడిన మనిషిని గత 3 నెలల గురించి అడిగితే ఏం చెప్తాడు, దెబ్బకి ముందు సంగతి చెప్పాలా తర్వాతది చెప్పాలా? మైగ్రేన్ అని ఖాయం చెయ్యడానికి కనీసం 5 సార్లు వచ్చి ఉండాలన్న నియమం కూడా ఉంది, అదీ మొదటి వారంలో కుదిరే పని కాదు. అందుకే దెబ్బ తగిలినవాళ్ళని ఇలా ప్రశ్నలడిగి మైగ్రేన్ కోసం వెతకడం (స్క్రీనింగ్) వద్దనేవాళ్ళ వాదనలో కొంత నిజం ఉంది. నేను మాత్రం ప్రశ్నల్ని తప్పుపట్టను, అడిగే రోజే తప్పు అంటాను. మొదటి రెండు రోజులు వదిలేసి, రెండో వారంలో ఒకసారి, నెల దాటాక ఇంకోసారి అడిగితే ఆ జవాబులకి అర్థం ఉంటుంది. ఇక మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇంతకు ముందు నీకు తలనొప్పులు ఉండేవా, ఇంట్లో అమ్మకో అక్కకో ఉన్నాయా? పాత మైగ్రేన్ ఉన్నవాళ్ళకి దెబ్బ తర్వాత తలనొప్పి పట్టుకునే అవకాశం ఎక్కువ, ఆడవాళ్ళకీ ఎక్కువే. ఇక్కడ ఇంకో తిరకాసు, మైగ్రేన్ ఉందా అని అడిగితే లేదంటారు, ఎందుకంటే ఏళ్ళ తరబడి దాన్ని సైనస్ అనుకునో ఎండ దెబ్బ అనుకునో గడిపేసి ఉంటారు. నెలకో రెండు నెలలకో చీకటి గదిలో పడుకునే రోజు వస్తుందా అని అడిగితే అప్పుడు బయటపడుతుంది.

అడక్కపోతే నష్టం ఏంటంటారా, పెయిన్‌కిల్లర్ల దగ్గర తెలుస్తుంది. నొప్పి పోవట్లేదని రోజూ ఒకటి వేసుకుంటారు, స్కాన్ నార్మల్ కాబట్టి మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళరు. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలో, మైగ్రేన్‌కి ఇచ్చే ట్రిప్టాన్ మాత్రలో అయితే 10 రోజులు, ఇలా 3 నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. ఇక ఏది దెబ్బ నొప్పో, ఏది మైగ్రేనో, ఏది మాత్రల నొప్పో విడదీయడం స్పెషలిస్టుకి కూడా తలనొప్పే. చీకటి గది సంగతీ ఇంతే, వెలుతురు పడట్లేదని వారాల తరబడి మంచానికి అతుక్కుపోతారు, కానీ 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కలిసిన క్రీడా వైద్య నిపుణులు ఆటల్లో తగిలే దెబ్బలకి పూర్తి విశ్రాంతి వద్దు, మొదటి 24 నుంచి 48 గంటలు నెమ్మదిగా ఉంటూనే, నొప్పి మరీ పెరగనంత వరకు కొద్దికొద్దిగా నడక మొదలుపెట్టొచ్చు అన్నారు.

మైగ్రేన్ పోలిక ఉందని తేలితే ఏం ఒరుగుతుంది, దెబ్బ తలనొప్పికంటూ ప్రత్యేకంగా ఆమోదించిన మందే లేదు కదా అనొచ్చు. నిజమే, ఇప్పటికి మైగ్రేన్ మందుల్నే అరువు తెచ్చుకుని వాడుతున్నారు. అయితే ఆ అరువు గాలివాటం కాదు. మైగ్రేన్‌లో కీలకమైన సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని డెన్మార్క్ పరిశోధకులు దెబ్బ తలనొప్పి మొండిగా ఉన్నవాళ్ళకి సెలైన్‌లా ఎక్కిస్తే చాలామందికి మైగ్రేన్ లాంటి నొప్పే వచ్చింది. అంటే లోపల రెండూ కొంతవరకు ఒకే దారిలో నడుస్తున్నట్టున్నాయి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది, మైగ్రేన్ అన్న ముద్ర పడగానే మిగతావి చూడటం మానేస్తే అది అడక్కపోవడం కన్నా ప్రమాదం. తలతో పాటు మెడా కుదుపుకి గురవుతుంది, చాలా నొప్పులు అక్కణ్ణుంచే పైకి పాకుతాయి. నొప్పి గంట గంటకీ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మనిషి మత్తుగా అయిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఈ మూడు ప్రశ్నలు పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

మిగతావాళ్ళ విషయంలో నేను అడిగేది చాలా చిన్నది. డిశ్చార్జ్ కాగితం మీద "నొప్పి ఉంటే రండి" అని రాసే చోట, రెండు వారాల తర్వాతి తేదీ ఒకటి వేసి, నొప్పి వచ్చిన రోజులూ మాత్ర వేసుకున్న రోజులూ టిక్ పెట్టుకోడానికి ముప్పై గళ్ళు గీసి ఇవ్వండి.